తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇంటి అప్పుల సంగతి చెప్పొచ్చా?

ఖమ్మం_కోడలు
మా వాడు తొమ్మిదో తరగతి, పాప ఐదో తరగతి. వాడికి గేరు సైకిల్ కావాలట, 16 వేలు. ఆయనేమో "దసరాకి చూద్దాంలేరా" అనేశాడు. దసరాకి కొనలేమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.
ఆయన జీతం 46 వేలు. నా కుట్టుపని మీద ఏడెనిమిది వేలు వస్తాయి, పెళ్ళిళ్ళ సీజన్లో ఇంకాస్త. ఇంటి లోను 17,400, చిట్టీ 5,000, బ్యాంకులో నా గాజులు తాకట్టులో ఉన్నాయి, వాటి వడ్డీ. ఇద్దరి స్కూలు ఫీజు జూన్‌లో ఒక్కసారే నెత్తిన పడుతుంది.
ఇదంతా వాణ్ణి కూర్చోబెట్టి చెబుదాం, అర్థం చేసుకునే వయసే అంటాను నేను. ఆయన ససేమిరా. "పసివాడికి బాకీల గోల ఎందుకు, బెంగ పెట్టుకుంటాడు, పైగా స్కూలంతా చెప్పుకొస్తాడు" అంటాడు. మా అత్తగారు ఎటూ కొడుకు పక్షమే.
మీ ఇళ్ళల్లో ఎంతవరకు చెబుతారు? ఏ వయసులో?

మూడోబెంచి
చెప్పేయండి. మీరు చెప్పకపోయినా వంటింట్లో మాటలు హాల్లోకి వినిపిస్తూనే ఉంటాయి. సగం విని మిగతా సగం వాళ్ళే ఊహించుకుంటారు.

నర్సాపురం_నాని
నేనొప్పుకోనండి. మా నాన్న మాకు అన్నీ చెప్పేవారు. వైట్‌స్పాట్ తెగులు వచ్చి రొయ్యల చెరువు మొత్తం పోయింది, మేత కొట్టుకి బాకీ, సీడు బాకీ, బయట నోట్లు. ఎనిమిదో తరగతికే మాకు అప్పిచ్చినోళ్ళ పేర్లన్నీ నోటికొచ్చు. గేటు చప్పుడైతే ఎవరొచ్చారో అని గుండె దడ. పరీక్ష ఫీజు కట్టాలని ఇంట్లో అడగలేక ఆఖరి రోజుదాకా ఆగేవాణ్ణి. చదువుకునే వయసులో ఆ బరువు వద్దు. మీ ఆయన మాటే కరెక్టు.

ఓరుగల్లు_పిల్ల
నానీ అన్నా, నీ బాధ సమజైంది. గని మీ నాయిన చెప్పింది లెక్క కాదు గదా, పరేషాని. ఎవనికెంత ఇయ్యాల్నో చెప్పిండు, ఎట్ల తీరుస్తడో చెప్పలే.
మా బాపు ఆర్టీసీల కండక్టర్. జీతం రాంగనే మమ్ముల కూసోవెట్టి కవర్లల్ల పెడ్తుండె. కిరాయి, పాలోనికి, కిరాణం, నాయినమ్మ మందులు. బతుకమ్మకు బట్టల కవరు వేరే. మధ్యల ఏమన్న అడిగితే "ఏ కవర్లకెళ్ళి తియ్యాలె, నువ్వే చెప్పు" అంటుండె. అప్పు కవరు గూడ ఉంటుండె, దాన్ని ముట్టద్దు అంతే. నెలనెలా అది తగ్గుడు మేమే చూస్తుంటిమి. భయమైతే ఎన్నడు కాలే.

నర్సాపురం_నాని
అది నిజమే. మాకు ఎప్పుడు తీరుతుందో ఎవరూ చెప్పలేదు. బహుశా ఆయనకే తెలీదు.

బావమరిది_బాధితుడు
మా ఇంట్లో కవర్లు పెడితే 10వ తారీకుకల్లా కవర్లే మిగులుతాయి 😀

కిరాణా_కొట్టు
కొట్టు నడిపేవాడిగా ఒక మాట. ఇప్పుడు పిల్లలొచ్చి "అంకుల్, స్కానర్ ఏది?" అంటారు. అమ్మ ఫోను పట్టుకొస్తారు, బిస్కెట్లు తీసుకుంటారు, టుంగుమని మోగుతుంది, వెళ్ళిపోతారు. ఎంతయిందని అడిగే పిల్లాడు అరుదు. వంద నోటిచ్చి చిల్లర లెక్క చూసుకోమంటే బిక్కమొహం వేస్తున్నారు, తొమ్మిదో తరగతి వాళ్ళు కూడా.
అప్పుల సంగతి తర్వాత. ముందు చేతికి నోట్లివ్వండి. రైతుబజారుకి 200 ఇచ్చి పంపండి, వారానికి సరిపడా కూరలు తెమ్మనండి. మొదటి వారం బంగాళదుంపలూ క్యారెట్లూ తెస్తారు. తెచ్చిందే వండండి.

మూడోబెంచి
తెచ్చిందే వండాలంటే మా ఇంట్లో వారమంతా దుంపల వేపుడే. ఎవరికీ అభ్యంతరం లేదు.

వంటింటి_మంత్రి
పిల్లాడికి చెప్పాలా వద్దా అని ఇంత చర్చ పెట్టారు గానీ, ముందు మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు చెప్పుకుంటున్నారా? మా ఆయన పర్సనల్ లోను తీసుకున్న సంగతి నాకు ఆయన ఫోన్‌కొచ్చిన ఈఎంఐ మెసేజ్ చూస్తే తెలిసింది. ఎందుకయ్యా అంటే వాళ్ళ చెల్లెలి సీమంతానికట. నేను వద్దనేదాన్ని కాదు, ఆ 11,000 వెళ్ళిపోయే నెలల్లో ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గించాలో ఆలోచించుకునేదాన్ని. అప్పటిదాకా "ఈమధ్య నువ్వు దుబారా చేస్తున్నావు" అని నన్ను అనేవాడు.
నాకు మా అమ్మ దగ్గర చీటీ ఉంది, అది ఆయనకి తెలీదు. తెలియనివ్వను కూడా. ఇప్పుడు చెప్పండి, మా పిల్లలకి మేం ఏం నేర్పుతాం?

ఓరుగల్లు_పిల్ల
అక్కా, గా చీటీ సంగతి ఈడ రాసినవ్, బావ గీ గ్రూపుల లేడు గదా 😂

వంటింటి_మంత్రి
ఆయనకి క్రికెట్ గ్రూపులు తప్ప ఏమీ తెలీదులే.

లెక్కల_మాస్టారు
జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదో తరగతికే చక్రవడ్డీ సూత్రం వస్తుంది. బోర్డు మీద సమస్య ఇస్తే పిల్లలు టకటకా చేస్తారు. అదే పిల్లాణ్ణి "మీ నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, ఏడాదికి ఎంత శాతం?" అనండి. "రెండు శాతం సార్" అంటాడు. ఆ మాట ఇంట్లో రోజూ వింటాడు, కానీ దానికీ పుస్తకానికీ లంకె ఎవరూ వేయలేదు.
రెండు రూపాయల వడ్డీ అంటే వందకి నెలకి రెండు. ఏడాదికి 24 శాతం. లక్షకి నెలకి 2,000. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అసలు దెబ్బ నోటు తిరగరాసేటప్పుడు పడుతుంది. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళే కాలపరిమితి, అందుకని మూడేళ్ళు నిండేలోపు వడ్డీ అసల్లో కలిపి కొత్త నోటు రాయిస్తారు. పైసా కట్టకపోతే లక్ష కాస్తా మూడేళ్ళకి 1,72,000. కొత్త నోటు దాని మీద. ఇంకో మూడేళ్ళకి 2,95,840. అదే ఏడాదికోసారి కలిపితే మూడేళ్ళకే 1,90,662. వడ్డీ రేటు మారలేదు చూడండి, కలిపే పద్ధతే మారింది. ఇది పిల్లలతో కాగితం మీద చేయిస్తే అప్పంటే ఏమిటో బోధపడుతుంది, మీ ఇంటి బాకీ పేరెత్తకుండానే.
మీ ఇంటి లోను, గాజుల లోను కూడా రూపాయల వడ్డీలోకి మార్చి చెప్పండి. 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. మీ వాడికి చప్పున అర్థమవుతుంది, మీ అత్తగారికీ అర్థమవుతుంది.

బావమరిది_బాధితుడు
మాస్టారూ, మరి క్రెడిట్ కార్డు?

లెక్కల_మాస్టారు
బాకీ పూర్తిగా కట్టకుండా మినిమమ్ డ్యూ మాత్రమే కడితే చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం దాకా పడుతుంది. అంటే మూడున్నర రూపాయల వడ్డీ.

బావమరిది_బాధితుడు
ఊళ్ళో మూడు రూపాయలకి తిప్పేవాణ్ణి రక్తం తాగుతున్నాడంటాం. కార్డువాడు మూడున్నర లాగితే ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో ఇడ్లీ ఫ్రీ అని ఫొటో పెడతాం.

మదనపల్లె_మండీ
మీరంతా ఒకటో తారీకు, కవర్లు అంటా ఉండారు. మాకు నెలజీతం యాడిదప్పా? టమాటా కోతకొస్తేనే దుడ్లు. ఒక వారం బాక్సుకు మంచి ధర పలుకుతాది, ఇంకో వారం కోత కూలి కూడా రాదని తోటలోనే వదిలేస్తాం. మీ లెక్కలు మాకు అతకవు.
మేం చేసేది ఏందంటే, మండీ చీటీ మా పాప చేతికిస్తాం. ఏడో తరగతి. మొత్తం ఎంత, అందులో కమీషన్ ఎంత, హమాలీ ఎంత, బండి బాడుగ ఎంత, చేతికొచ్చింది ఎంత, అది రాస్తాది. దాంట్లో నుంచి మళ్ళా నారు, మందులు, కట్టెలు, డ్రిప్పు ఖర్చు తీసేస్తాది. ఒకసారి "నాయనా, మనం పదివేలు సంపాదించినామా, పోగొట్టుకున్నామా?" అని అడిగింది. పోగొట్టుకున్నామనే చెప్పినా. మంచి ధర వచ్చిన ఏడాది కూడా అట్లే చెప్పినా, ఇవి తిరిగే ఏటికి నారుకు, వీటిని ముట్టేది లేదని. మాకు బడ్జెట్ అంటే నెలకు కాదు, కోతకు కోతకు మధ్య.

కిరాణా_కొట్టు
మండీ చీటీ ఆలోచన బావుంది. నా కొట్టు బిల్లుపుస్తకం మా వాడికిచ్చి చూస్తా. మామిడి సీజన్లో ఊరగాయ సామాను అరువు ఎంత పోయిందో వాడే కూడితే నాకూ తెలుస్తుంది.

డల్లాస్_అమ్మ
మేమిక్కడ మూడు డబ్బాలు పెట్టాం: ఖర్చుకి, దాచడానికి, ఎవరికైనా ఇవ్వడానికి. వారానికి వయసెంతో అన్ని డాలర్లు. గడ్డి కోయడం, కారు కడగడం లాంటి పనులకి విడిగా. పక్కింటివాళ్ళ కుక్కని తిప్పి మా పెద్దది బాగానే సంపాదించింది. డబ్బు ఊరికే రాదని తెలుస్తుంది.

మూడోబెంచి
ఇంట్లో పనికి కూలిచ్చే లెక్కన నేను మా ఆవిడకి ఇవ్వాల్సింది తీరాలంటే ఇల్లమ్మాలి.

వంటింటి_మంత్రి
అదే నేనూ అనేది. గిన్నెలు కడిగితే పది రూపాయలు అని మొదలెడితే, రేపు "అమ్మమ్మకి నీళ్ళివ్వరా" అంటే ఎంతిస్తావంటాడు. తిన్న కంచం తీయడం ఎవరి పని? బయటివాళ్ళ కుక్క సంగతి వేరు, ఇంట్లో పనికి డబ్బేంటి?

డల్లాస్_అమ్మ
నేను కంచం తీసినందుకు ఇవ్వడం లేదండీ. మంచం సర్దుకోవడం, కంచం తీయడం ఉచితం. మేం బయటివాళ్ళకి డబ్బులిచ్చి చేయించుకునే పనులకే ఇస్తాం.

వంటింటి_మంత్రి
అయితే సరే. ఆ గీత ముందే రాయాల్సింది.

నెల్లూరు_చిన్నక్క
మా అమ్మ పొదుపు సంఘంలో చేరింది 90ల్లో. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మా జిల్లాలో ఊరూరా పొదుపులక్ష్మి సంఘాలు పెట్టారు, రోజుకో రూపాయి లెక్కన దాచేది. అమ్మకి సంతకం తప్ప రాయడం రాదు, సంఘంలో చాలామందికీ అంతే. నేను ఆరో తరగతి. తీర్మానాల పుస్తకం, అప్పుల పుస్తకం నాచేత రాయించేవాళ్ళు. ఎవరు గేదెకి తీసుకున్నారు, ఎవరు పురుడుకి తీసుకున్నారు, ఎవరి వాయిదా ఆగింది, అన్నీ నా చేతిరాతే.
బయట చెప్పేస్తాడని మీ ఆయన భయం కదా. నాకు పదిహేను ఇళ్ళ అప్పులు తెలుసు. ఒక్కరి సంగతి ఇంకొకరికి చెప్పింది లేదు. మొదటి రోజే మా లీడరు పిన్ని చెప్పింది, "ఈ పుస్తకంలోది సంఘంలోనే మాట్లాడుకోవాలి, వీధిలో కాదు" అని. అంతకంటే ఏమీ చెప్పలేదు. పిల్లలకి పని అప్పగిస్తే పెద్దరికం దానంతటదే వస్తుంది. ఊరికే చెవిలో వేస్తేనే బయటికి పోతుంది.

ఖమ్మం_కోడలు
చిన్నక్కా, మీ పోస్టు ఆయనకి చదివి వినిపించాను. "పదిహేను ఇళ్ళా!" అన్నాడు, ఇంకేం అనలేదు.
మా ఇంట్లో కొంచెం కదిలింది. లోను, గాజులు ఇప్పుడే వద్దు, ఇంటి ఖర్చులు మాత్రం వాడికి చూపిద్దాం అని ఒప్పుకున్నాడు. కరెంటు, గ్యాసు, పాలు, రీచార్జీలు, కేబులు, అన్నీ వాడిచేత నోటుబుక్కులో రాయించాను. రాసి రాసి వాడడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, కేబులూ ఉంది, రెండు ఓటీటీలూ ఉన్నాయి, చూసేది ఒకటే టీవీ కదా?" అని. అక్కడిదాకా బానే ఉంది. తర్వాత కేబులు తీసేద్దాం అన్నాడు. మా అత్తగారు మూడు రోజులు వాడికి పెరుగు వేయలేదు.

ఓరుగల్లు_పిల్ల
సీరియల్ జోలికి పోతే గట్లనే ఉంటది 😂 ఓటీటీ తీసెయ్యుమను.

చిట్టీల_రాణి
ఖమ్మం గారూ, మీ చిట్టీ పాడేశారా, ఇంకా ఉందా? అది మీ వాడికి చెప్పడానికి మంచి పాఠం. మా అమ్మాయికి ఇలా చెప్పాను. ఇరవై మంది, నెలకి ఐదు వేలు, లక్ష చిట్టీ. ఒకామె అవసరానికి 25,000 తగ్గించుకుని పాడింది, ఆమె చేతికి 75,000. ఆ పాతికలో కమీషన్ ఐదు వేలు పోను ఇరవై వేలు ఇరవై మందికి పంచితే తలా వెయ్యి, ఆ నెల నాలుగు వేలు కడితే చాలు. ముందు పాడినామెకి అది అప్పు. చివరిదాకా ఆగినామెకి పొదుపు. రెండూ ఒకే చిట్టీలో.
పిల్ల వెంటనే అడిగింది, "అమ్మా నువ్వు ఎప్పుడూ ముందే ఎందుకు పాడతావు?" అని. ఇంకేం చెబుతాం!

పాత_పోస్టాఫీసు
చిట్టీ వేసేవాళ్ళు అది రిజిస్టరయినదేనా చూసుకోండి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్ట్రార్ దగ్గర అనుమతి ఉండాలి, చిట్టీ మొత్తానికి సరిపడా వాళ్ళు హామీగా డిపాజిట్ కట్టాలి. అపార్ట్‌మెంట్లో ఫలానా ఆవిడ నడుపుతోంది, మంచిది అంటే కుదరదు. మంచివాళ్ళు కూడా రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేశారు.

చిట్టీల_రాణి
మాది రిజిస్టరయినదే సార్. వాళ్ళు ఐదు శాతమే తీసుకుంటారు. 2019లో చట్టం మార్చాక ఏడు దాకా తీసుకోవచ్చు, వేసేముందు అడగాలి.

ఖమ్మం_కోడలు
ఇంకా పాడలేదు. జూన్ ఫీజుల కోసం మేలో పాడదామనుకుంటున్నాం.

చిట్టీల_రాణి
అయ్యో, మేలో వద్దండీ! అందరికీ ఫీజులే. పాట మీద పాట పెరిగి పదివేలకి పోవాల్సింది ఇరవై దాటుతుంది. ఫిబ్రవరిలోనే పాడి డబ్బు బ్యాంకులో పెట్టుకోండి. వచ్చే ఏడాదికైతే ఇప్పట్నుంచే నెలనెలా ఫీజుకని పక్కన వేయండి.

పాత_పోస్టాఫీసు
వచ్చే ఏడాది ఫీజుకి బ్యాంకులో ఏడాది ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. మా పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్ళది, దానికి పనికిరాదు. మా డిపార్ట్‌మెంటే అయినా ఉన్నమాట చెప్పాలి.
మీ పాప ఐదో తరగతి అన్నారు, పదేళ్ళు నిండాయా? నిండకపోతే ఆడపిల్లల పొదుపు ఖాతా, సుకన్య సమృద్ధి, వెంటనే తెరవండి. పది దాటితే తెరవనివ్వరు. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ప్రకటిస్తారు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం లక్షన్నర. పదిహేనేళ్ళు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకి పూర్తవుతుంది. నెలకి వెయ్యి వేస్తే మీరు కట్టేది లక్షా ఎనభై వేలు, ఇదే వడ్డీ నిలిస్తే చేతికి ఐదున్నర లక్షల దాకా వస్తుంది. 18 నిండాక, లేదా పదో తరగతి పాసయ్యాక, పైచదువుకి సగం దాకా తీసుకోవచ్చు.

ఖమ్మం_కోడలు
డిసెంబర్‌లో నిండుతాయి సార్! ఈ సంగతి నాకు తెలీదు.

కిరాణా_కొట్టు
ఒక్క నిమిషం. ఆవిడ గాజులు బ్యాంకులో ఉన్నాయి. అక్కడ తొమ్మిదో పదో శాతం కడుతూ ఇక్కడ 8.2 తెచ్చుకోవడం ఏం వ్యాపారం? ముందు గాజులు విడిపించాలి.

పాత_పోస్టాఫీసు
కొట్టుగారు చెప్పింది లెక్కకి నిజం. కానీ గాజులు ఎప్పుడైనా విడిపించుకోవచ్చు, పాప వయసు డిసెంబర్ తర్వాత వెనక్కి రాదు. 250తో ఖాతా తెరిచి తలుపు తీసి ఉంచండి. ఏటా 250 మాత్రం మానొద్దు, మానితే ఏడాదికి యాభై జరిమానా. గాజులు ఇంటికొచ్చాక ఆ వడ్డీ డబ్బు ఇటు మళ్ళించండి.

కిరాణా_కొట్టు
అలాగైతే ఒప్పుకుంటా.

మూడోబెంచి
పిల్లల పేరున ఎఫ్‌డీ వేస్తే వడ్డీ మీద మనకి ట్యాక్స్ పడదని మా ఆఫీసులో ఒకడు చెప్పాడు. నిజమేనా?

పాత_పోస్టాఫీసు
కాదు. మైనరు పేరున వేసినా ఆ వడ్డీ తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్ళ ఆదాయంలో కలుస్తుంది. మీ ఆఫీసులో వాడికి నోటీసు వచ్చే దాకా ఆ మాటే చెబుతాడు.

రాత్రి_డ్యూటీ
మీ అబ్బాయికి సొంత ఖాతా తెరిపించండి. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చు, రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మళ్ళీ స్పష్టంగా చెప్పింది. ఎంతవరకు తీసుకోవచ్చో బ్యాంకు పరిమితి పెడుతుంది, ఖాతాలో ఉన్నదానికి మించి (ఓవర్‌డ్రాఫ్ట్) ఇవ్వరు. పాస్‌బుక్ వేయించుకురమ్మని వాణ్ణే పంపండి.
మీ యూపీఐ పిన్ను మాత్రం పిల్లలకి చెప్పొద్దు. మీ ఖాతా నుంచి ఇంట్లోవాళ్ళు చెల్లించేలా పెట్టాలనుకుంటే యూపీఐ సర్కిల్ ఉంది. అందులో ప్రతి చెల్లింపుకీ మీరు ఓకే చెప్పేలా పెట్టుకోవచ్చు. పూర్తిగా వదిలేసినా నెలకి 15,000 దాటదు, ఒక్కోసారికి 5,000. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి ఆపింది. అయినా ఏదో పేరుతో లింకులు వస్తూనే ఉంటాయి, అవి కూడా చూపించి చెప్పండి.

నర్సాపురం_నాని
సైకిల్ సంగతేమైంది మరి? అసలు గొడవ అదే కదా.

ఖమ్మం_కోడలు
సైకిల్ వాయిదా పడింది, ఈసారి తారీకుతో. "చూద్దాం" అన్న మాట ఇంట్లో నిషేధం. సంక్రాంతికి చుట్టాలిచ్చేవి, ఓటీటీ ఒకటి తీసేస్తే మిగిలేది వాడి వాటా. వాడెంత జమ చేస్తే మేమంత వేస్తాం. గేర్లు లేనిదైతే ఎంతో కూడా వాడే కనుక్కొచ్చాడు.

మదనపల్లె_మండీ
వాడెంతేస్తే అంత అన్నారే, పుస్తకంలో రాసిపెట్టండి. రేపు మీరు మాట తప్పితే నోటు లేదంటారు 😄

బావమరిది_బాధితుడు
మాస్టారూ, ఇంకొక్క లెక్క. ఒక యాప్‌లో పదివేలు అప్పు ఇస్తున్నారు. ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుని చేతికి 9,200 వేస్తారు. నెలకి 3,600 చొప్పున మూడు నెలలు కట్టాలి. "వడ్డీ నెలకి 2.67 శాతమే" అని రాశాడు. అంటే రెండున్నర రూపాయల వడ్డీయే కదా, ఫర్వాలేదా?

లెక్కల_మాస్టారు
ఫర్వా ఉంది. వాడు 800 వడ్డీని మూడు నెలలకి పంచి, పదివేల మీద శాతం కట్టాడు. కానీ మీ చేతికొచ్చింది పదివేలు కాదు. పైగా మొదటి నెల 3,600 కట్టేశాక మీ దగ్గర అసలు అంత మిగలదు.
ఎనిమిదిన్నర రూపాయల వడ్డీ వేసి చూడండి. 9,200 మీద మొదటి నెల వడ్డీ 782, కలిపితే 9,982. 3,600 కడితే 6,382. రెండో నెల వడ్డీ 542, కట్టాక 3,324. మూడో నెల వడ్డీ 283, మొత్తం 3,607. మీరు కట్టేది 3,600. ఏడు రూపాయల తేడా. కాబట్టి అసలు వడ్డీ నెలకి ఇంచుమించు ఎనిమిదిన్నర రూపాయలు.

రాత్రి_డ్యూటీ
అప్పిచ్చేముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, అందులో ఏపీఆర్ అని ఉంటుంది. ఫీజులన్నీ కలిపి ఏడాది రేటు అక్కడ వేయాల్సిందే. మాస్టారి లెక్క ప్రకారం వంద శాతం దాటాలి. ఆ కాగితం ఇవ్వని యాప్ అయితే అసలు ముట్టుకోవద్దు.

మూడోబెంచి
అప్పు ఎవరికి కావాలి, మీకా?

బావమరిది_బాధితుడు
కాదు, మా బావమరిదికి. హామీకి నా నంబరు ఇచ్చాడు. వాడికి ఫోన్ చేస్తున్నా, ఎత్తట్లేదు.

ఓరుగల్లు_పిల్ల
గీ పేరెందుకు పెట్టుకున్నడో ఇప్పుడు తెల్సింది 😂